ఎస్వీ రంగారావు: స్టేజీని దద్దరిల్లించిన గొంతు.. కెమెరా ముందు ఎలా తగ్గింది? యాక్టింగ్ నేర్చుకునేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన జీవితం!

మాయాబజార్‌లో వివాహ భోజనం సీన్ మీరు ఫోన్‌లో ఎన్నిసార్లు చూసుంటారు? లడ్డూలు, గారెలు, అప్పడాలు.. వాటి మధ్యలో ఘటోత్కచుడు. చిన్నప్పుడు నవ్వుకుంటూ చూశాం. ఇప్పుడు పిల్లలకు చూపిస్తున్నాం. కానీ ఒక్కసారి సౌండ్ ఆపేసి చూడండి. ఆ కళ్లు ఎటు తిరుగుతున్నాయి, చెయ్యి ఎక్కడ ఆగుతోంది, నవ్వు ఏ క్షణంలో మొదలవుతోంది.. ఇవి మాత్రమే చూడండి. అక్కడ కనిపించేది సెట్‌లో పని తెలిసిన ఒక నటుడు.

ఆయనే సామర్ల వెంకట రంగారావు. మనందరికీ ఎస్వీ రంగారావు, ఎస్వీఆర్. విశ్వనట చక్రవర్తి అని బిరుదు. 1974లో చనిపోయారు. అంటే ఇప్పుడు ఆయన క్లిప్పులు షేర్ చేస్తున్న వాళ్లలో చాలామంది అప్పటికి పుట్టనే లేదు. అయినా ఆ మాంత్రికుడు, ఆ కీచకుడు, ఆ ఘటోత్కచుడు ఇంకా ట్రెండింగ్‌లోనే ఉంటారు.

ఎస్వీఆర్ అనగానే గంభీరమైన గొంతు, నిండైన విగ్రహం అంటాం. నిజమే. కానీ ఆ రెండూ ఉన్న నటుడికే మొదటి సినిమా కలిసి రాలేదు. మరి తర్వాత ఏం మారింది? యాక్టింగ్ స్కూళ్లు లేని రోజుల్లో, సెట్‌లో నిలబడి ఆయన పట్టుకున్న విద్య ఏంటి? ఆయన జీవితాన్ని ఈ కోణంలో చూద్దాం.

నూజివీడు అబ్బాయి.. మద్రాసు చదువు

ఎస్వీఆర్ 1918 జులై 3న కృష్ణా జిల్లా నూజివీడులో పుట్టారు. తండ్రి కోటేశ్వరరావు ఎక్సైజ్ శాఖలో ఉద్యోగి. ఉద్యోగం అంటే బదిలీలు. అందుకే పిల్లాడు నాయనమ్మ దగ్గర పెరిగాడు. ఆవిడతో పాటు మద్రాసు చేరి అక్కడే స్కూల్లో చదివాడు. నాటకాల పిచ్చి ఆ స్కూలు రోజుల్లోనే పట్టుకుంది. ఊళ్లో ఎక్కడ నాటకం ఆడినా వెళ్లి చూడటం, బళ్లారి రాఘవ లాంటి మహానటుల గురించి వినడం.. అదే లోకం.

తర్వాత కాలేజీ చదువు కాకినాడకు తీసుకొచ్చింది. అప్పట్లో కాకినాడలో యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ అనే నాటక సంస్థ ఉండేది. తర్వాత స్టార్ హీరోయిన్ అయిన అంజలీదేవి, సంగీత దర్శకుడు ఆదినారాయణరావు ఆ గూటి నుంచే వచ్చారు. ఎస్వీఆర్ కూడా అక్కడే రాటుదేలారు. బీఎస్సీ చదివిన కుర్రాడు రాత్రిళ్లు మేకప్ వేసుకుని స్టేజీ ఎక్కేవాడు.

స్టేజీ నేర్పే పాఠం ఒకటే. ఆఖరి వరుసలో కూర్చున్నవాడికి కూడా వినపడాలి, కనపడాలి. ఆ రోజుల్లో చాలాచోట్ల మైకుల్లేవు. గొంతు ఛాతీ లోపలి నుంచి రావాలి. చెయ్యి లేపితే పూర్తిగా లేపాలి. ఎస్వీఆర్‌కు ఇది బాగా వంటబట్టింది. విచిత్రం ఏంటంటే, తర్వాత సినిమాలో ఆయన అదుపులో పెట్టుకోవాల్సి వచ్చింది కూడా దీన్నే!

ఫైర్ ఆఫీసర్ యూనిఫాం వదిలేసి..

చదువయ్యాక ఆయనకు ఫైర్ సర్వీసులో ఉద్యోగం వచ్చింది. ఆఫీసర్ హోదా, నెల జీతం. అప్పటి లెక్కలో మంచి ఉద్యోగమే. కానీ ఆ డ్యూటీలో ఉంటే నాటకాలకు టైం దొరకదు. ఆ సమయంలోనే బీవీ రామానందం తీస్తున్న వరూధిని సినిమాలో హీరో ఛాన్స్ వచ్చింది. ఏకంగా ప్రవరాఖ్యుడి పాత్ర. ఉద్యోగానికి రాజీనామా చేసి మద్రాసు వెళ్లిపోయారు.

1947లో వరూధిని వచ్చింది. ఆడలేదు. అంతే, ఆ తర్వాత పిలిచేవాళ్లు లేరు.

ఇక్కడ ఆయన పరిస్థితి ఒకసారి ఊహించుకోండి. వయసు 29కి దగ్గర పడుతోంది. ఉద్యోగం వదిలేశారు. సినిమా పోయింది. అదే ఏడాది చివర్లో లీలావతితో పెళ్లయింది. ఇల్లు గడవాలి కదా! అందుకే తెలుగు నేలకు దూరంగా జంషెడ్‌పూర్ వెళ్లి టాటా కంపెనీలో గుమాస్తా పనికి కుదిరారు. తర్వాతి రోజుల్లో సింహాసనాల మీద కూర్చున్న మనిషి, ఆ రోజుల్లో ఆఫీసు టేబుల్ దగ్గర లెక్కలు రాసుకున్నారు.

చేతికొచ్చిన వేషం చేజారింది

కొంతకాలానికి మద్రాసు నుంచి మళ్లీ పిలుపు వచ్చింది. దర్శకుడు బీఏ సుబ్బారావు పల్లెటూరి పిల్ల తీస్తున్నారు. అందులో కంపన దొర అనే విలన్ పాత్ర ఎస్వీఆర్‌కు ఇవ్వాలనుకున్నారు. ఆయన బయల్దేరే సమయానికి తండ్రి చనిపోయారన్న కబురు అందింది. కొడుకుగా చేయాల్సిన కర్మకాండలు పూర్తి చేసి మద్రాసు చేరేసరికి ఆలస్యమైంది. షూటింగ్ ఆగదు కదా.. ఆ వేషం ఏవీ సుబ్బారావుకు వెళ్లిపోయింది.

చాలామంది అయితే ఇక్కడే కోపంతో వెనక్కి రైలెక్కేవాళ్లు. ఎస్వీఆర్ మాత్రం అదే సినిమాలో ఇచ్చిన చిన్న వేషం తీసుకున్నారు. ఒకప్పుడు హీరోగా చేసిన వ్యక్తి, ఇప్పుడు నాలుగు సీన్ల పాత్రలకు ఒప్పుకున్నారు. ఆ చిన్న వేషాల వల్ల ఆయనకు సెట్ అలవాటైంది. కెమెరా ఎక్కడ ఉంది, లైటు ఎక్కడి నుంచి పడుతోంది, మైక్ ఎంత దూరంలో ఉంది.. ఇవి ఎంత పెద్ద నాటకం ఆడినా తెలియవు. సెట్‌లో గంటలు గంటలు నిలబడితేనే తెలుస్తాయి.

1950లో విజయా సంస్థ మొదటి సినిమా షావుకారు వచ్చింది. ఎల్వీ ప్రసాద్ దర్శకుడు. అందులో సున్నం రంగడు అనే రౌడీ పాత్ర ఎస్వీఆర్‌ది. చిన్న పాత్రే కానీ జనానికి గుర్తుండిపోయింది. విజయా వాళ్లకూ గుర్తుండిపోయింది. తర్వాతి సినిమాకు ఏకంగా టైటిల్ కార్డుల్లో ముందుండే పాత్ర ఇచ్చారు.

నేపాళ మాంత్రికుడు.. ఒక్క సినిమాతో ఇంటింటికీ

1951 పాతాళ భైరవి. కేవీ రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు రచన, మార్కస్ బార్ట్లే కెమెరా, ఘంటసాల సంగీతం. ఎన్టీఆర్ తోట రాముడు. ఎస్వీఆర్ నేపాళ మాంత్రికుడు. సినిమా బ్లాక్‌బస్టర్. మాంత్రికుడు అంటే ఇలాగే ఉండాలి అని జనం మనసులో ముద్ర పడిపోయింది.

ఆ రోజుల్లో సెట్ ఎలా ఉండేదో తెలిస్తే ఆ నటన విలువ ఇంకా బాగా అర్థమవుతుంది. డైలాగులు అప్పటికప్పుడు సెట్‌లోనే రికార్డ్ అయ్యేవి. ఇప్పటిలా తర్వాత డబ్బింగ్‌లో సరిదిద్దుకుందాం అంటే కుదరదు. మాట తడబడితే షాట్ మొత్తం మళ్లీ తీయాలి. ఫిలిం బయటి దేశాల నుంచి రావాలి, ఖరీదు ఎక్కువ. ప్రతి రీటేక్ నిర్మాత జేబుకు చిల్లే. దానికి తోడు తల మీద పెద్ద పెద్ద లైట్లు. ఆ వేడికి మేకప్ కరిగిపోయేది. పైగా కేవీ రెడ్డి స్టాప్‌వాచ్ పట్టుకుని సీన్ నిడివి ముందే లెక్క కట్టే దర్శకుడిగా పేరు. రిహార్సల్‌లో ఎంత టైం అనుకున్నారో షాట్‌లోనూ అంతే రావాలి.

స్టేజీ గొంతును స్టేజీ మీదలాగే వదిలితే ఆ మైక్ తట్టుకోదు, మాట పగిలిపోతుంది. పాతాళ భైరవి ఇప్పుడు చూసినా గమనించొచ్చు. మాంత్రికుడు రాముడిని మంచి మాటలతో బుట్టలో వేసుకునేటప్పుడు గొంతు కిందికి దిగుతుంది, మాట మెత్తగా జారుతుంది. బెదిరింపు గొంతులో ఉండదు, కళ్లలో ఉంటుంది. గర్జన మాత్రం అవసరమైన చోటే. దాచుకున్నది ఒక్కసారి బయటకు వస్తే దాని దెబ్బ వేరు!

రెండోది చేతులు. మంత్రం వేసే మనిషి కాబట్టి చేతులు ఎక్కువ కదలాలి. కానీ క్లోజప్‌లో చెయ్యి కాస్త ఎక్కువ కదిలితే ఫ్రేం దాటిపోతుంది, లేదా మొహానికి అడ్డం పడుతుంది. అందుకే దగ్గరి షాట్లలో ఆయన పని ఎక్కువగా వేళ్లతో, కనుబొమ్మలతో నడుస్తుంది. దూరం షాట్ వచ్చిందంటే మొత్తం ఒళ్లు పని చేస్తుంది, నడకలోనే మాంత్రికుడు కనిపిస్తాడు.

షాట్ ఎంత? నటన అంత!

సెట్‌లో నటుడు మొదట తెలుసుకోవాల్సింది ఇదే. కెమెరా నన్ను ఎంత వరకు చూస్తోంది? లాంగ్ షాటా, నడుము వరకా, మొహం ఒక్కటేనా? లాంగ్ షాట్‌లో కనుబొమ్మ ఎగరేస్తే ఎవరికీ కనిపించదు. క్లోజప్‌లో తల గట్టిగా విదిలిస్తే తెర మీద భూకంపం వచ్చినట్టు ఉంటుంది. ఒకే భావం, ఒకే డైలాగ్.. కానీ షాట్ మారినప్పుడల్లా నటన సైజు మారాలి.

ఎస్వీఆర్ లాంటి భారీ మనిషికి ఇది ఇంకా కష్టం. ఫ్రేంలో నిలబడితేనే సగం నిండిపోతుంది. అలాంటప్పుడు ఏమీ చేయకుండా ఉండటమే పెద్ద పని. ఆయన పాత సీన్లలో గమనించండి. చాలాసార్లు ఒళ్లు కదలదు. మెడ కూడా తిప్పరు. కళ్లు మాత్రం పక్కకు జరుగుతాయి. చూసేవాడికి గుండె జారిపోతుంది.

మా డెస్క్‌లో పాత సినిమా సీన్లను నిలువు వీడియోగా కట్ చేసేటప్పుడు ఒక ఇబ్బంది వస్తుంది. అడ్డంగా తీసిన ఫ్రేంను నిలువుగా కత్తిరిస్తే చేతులు, పక్కనున్న మనుషులు, సెట్టింగు అన్నీ పోతాయి. మిగిలేది మొహం. చాలామంది నటుల సీన్లు అక్కడ చప్పబడిపోతాయి. ఎస్వీఆర్ సీన్లు మాత్రం నిలబడతాయి. ఎందుకంటే అసలు విషయం కళ్లలోనే ఉంది.

ఇక కంటిన్యుటీ. ఒకే సీన్‌ను ముక్కలు ముక్కలుగా తీస్తారు. పొద్దున లాంగ్ షాట్, మధ్యాహ్నం క్లోజప్. పొద్దున ఏ మాట దగ్గర గద ఎత్తారో, మధ్యాహ్నం కూడా అదే మాట దగ్గర ఎత్తాలి. కిరీటం ఎంత వంపు ఉందో అంతే ఉండాలి. లేకపోతే ఎడిటింగ్‌లో రెండు ముక్కలూ అతకవు. పౌరాణికాల్లో నగలు, కిరీటాలు, ఆయుధాలు ఎక్కువ కాబట్టి గుర్తుపెట్టుకోవాల్సినవీ ఎక్కువే. దీనికి సహాయ దర్శకులు ఉంటారు నిజమే, కానీ ఒంటి మీద ఉన్నది నటుడికే బాగా తెలియాలి.

మాయాబజార్.. పరీక్షలన్నీ ఒకేచోట

1957 మార్చి 27న మాయాబజార్ విడుదలైంది. మళ్లీ కేవీ రెడ్డి, మళ్లీ మార్కస్ బార్ట్లే, మళ్లీ విజయా సంస్థ. ఎస్వీఆర్ వయసు అప్పటికి 38. సినిమా తెలుగు, తమిళ భాషల్లో తయారైంది. తమిళంలో అభిమన్యుడు జెమినీ గణేశన్. ఘటోత్కచుడు మాత్రం రెండు భాషల్లోనూ ఎస్వీఆరే. అంటే ఒకే వేషం, రెండు భాషలు. డైలాగ్ మారుతుంది, మాట పొడవు మారుతుంది, శ్వాస తీసుకునే చోటు మారుతుంది. పాత్ర మాత్రం మారకూడదు.

ఇక వివాహ భోజనం పాట. పాడింది మాధవపెద్ది సత్యం. తెర మీద నోరు ఎస్వీఆర్‌ది. ఆ పాట చూస్తే ఎస్వీఆరే పాడారేమో అనిపిస్తుంది. దానికి కారణం పెదాలు కలవడం ఒక్కటే అయితే సరిపోదు. పాడేవాడి ఛాతీ ఎప్పుడు పొంగుతుందో, గొంతు నరం ఎప్పుడు బిగుస్తుందో, నవ్వు ఎక్కడి నుంచి పుడుతుందో అవి కూడా కలవాలి. సెట్‌లో ప్లేబ్యాక్ మోగుతున్నప్పుడు నటుడు నోరు మాత్రం ఆడిస్తే కెమెరా ఇట్టే పట్టేస్తుంది. ఎస్వీఆర్ ఆ పాటలో ఒళ్లంతా పాడుతున్నట్టే ఉంటారు.

అదీ కాక ట్రిక్ షాట్లు. పళ్లాలు వాటంతటవే ఖాళీ అవడం, లడ్డూలు గాల్లో తేలుకుంటూ నోట్లోకి రావడం. కంప్యూటర్ గ్రాఫిక్స్ అనే మాటే లేని రోజులవి. కెమెరాను ఆపి, వస్తువు మార్చి, మళ్లీ తిప్పే ట్రిక్కుల్లో నటుడు ఉన్నచోట ఉన్నట్టే ఉండాలి. కాస్త కదిలినా తెర మీద ఎగిరిపడినట్టు తెలిసిపోతుంది. లేని వస్తువు ఉన్నట్టు చూడాలి. ఇప్పుడు గ్రీన్ మ్యాట్ ముందు నిలబడి లేని డ్రాగన్‌ను చూస్తున్నారు కదా మన హీరోలు.. ఆ పని మన వాళ్లు 1957లోనే చేశారు. చూపు ఎక్కడ నిలపాలో తెలియకపోతే ఎంత గొప్ప ట్రిక్ అయినా తేలిపోతుంది.

ఈ సినిమాలో ఇంకో ముచ్చట ఉంది. కథలో ఘటోత్కచుడు శశిరేఖ రూపం ఎత్తుతాడు. అంటే సావిత్రి ఒంట్లో ఎస్వీఆర్ ఉండాలి! ఆ మాయా శశిరేఖ నడక, విసురు, ఉన్నట్టుండి వచ్చే మగరాయుడి తీరు చూడండి. లక్ష్మణ కుమారుడిగా చేసిన రేలంగి ఆ పెళ్లిపీటల మీద పడే అవస్థ ఎవరూ మర్చిపోరు. సావిత్రి అంత బాగా చేయాలంటే ఎదురుగా కాపీ కొట్టడానికి స్పష్టమైన నమూనా ఉండాలి. ఎస్వీఆర్ తన ఘటోత్కచుడికి ఒక నడక, ఒక నిలబడే తీరు, ఒక మెడ విరుపు పెట్టారు కాబట్టే ఇంకో నటికి పట్టుకోవడానికి వీలైంది. పాత్రకు ఒంటి భాష పెట్టడం అంటే ఇదే.

వినడం కూడా నటనే

ఎస్వీఆర్ అంటే రాక్షసులు, రాజులు అనుకుంటే పొరపాటు. 1955లో వచ్చిన బంగారుపాప తీసుకోండి. బీఎన్ రెడ్డి దర్శకుడు. ఇంగ్లిష్ రచయిత్రి జార్జ్ ఎలియట్ నవల సైలస్ మార్నర్ దానికి ఆధారం. లోకం మీద కసి పెంచుకున్న కోటయ్య అనే మొరటు మనిషి చేతికి ఒక పసిపాప దొరుకుతుంది. ఆ పాప ఆ మనిషిని మెల్లగా మార్చేస్తుంది. ఇక్కడ గర్జనలు పనికిరావు. పాపను ఎత్తుకున్నప్పుడు ఆ పెద్ద చేతులు ఎలా భయపడతాయో చూపించాలి. ఎస్వీఆర్ అది చూపించారు.

అదే ఏడాది మిస్సమ్మలో జమీందారు. అమాయకమైన, మంచి మనసున్న తండ్రి. ఎన్టీఆర్, సావిత్రి, ఏఎన్నార్, జమున, రేలంగి, రమణారెడ్డి.. తెర నిండా నటులే. అలాంటి చోట ప్రతి సీన్‌లో తానే కనపడాలని చూస్తే సినిమా పాడవుతుంది. ఆయన పక్కవాళ్లు మాట్లాడుతుంటే వింటారు. నిజంగా వింటారు. మాట అర్థమయ్యాక మొహంలో మార్పు వస్తుంది, ముందు రాదు. కొత్త నటులు చేసే పెద్ద తప్పు ఇదే. ఎదుటివాడి డైలాగ్ పూర్తవ్వక ముందే తమ రియాక్షన్ రెడీగా పెట్టుకుంటారు. కెమెరా అబద్ధాన్ని అక్కడే పట్టుకుంటుంది.

1967లో ఏవీఎం వాళ్ల భక్త ప్రహ్లాద వచ్చింది. హిరణ్యకశిపుడు ఎస్వీఆర్. లీలావతి అంజలీదేవి. కాకినాడ స్టేజీ మీద మొదలైన ఇద్దరు, ఇక్కడ భార్యాభర్తలు. ప్రహ్లాదుడు బేబీ రోజారమణి, ఆ పాపకు అదే మొదటి సినిమా. ఒకవైపు కొండలాంటి మనిషి, ఇంకోవైపు చిన్నపిల్ల. పిల్లలతో షాట్ అంటే వాళ్లు ఏ టేక్‌లో బాగా చేస్తారో ఎవరూ చెప్పలేరు. పెద్ద నటుడు ప్రతి టేక్‌లోనూ ఒకే స్థాయిలో సిద్ధంగా ఉండాలి. హిరణ్యకశిపుడి కోపం వెనక తండ్రి ప్రేమ కూడా కనిపించబట్టే ఆ సినిమా నిలబడింది. కొడుకును శిక్షించే ప్రతిసారీ ఆ కళ్లలో ఒక్క క్షణం ఆగడం ఉంటుంది. ఆ క్షణం కోసమే ఆ సీన్లు మళ్లీ మళ్లీ చూస్తాం.

కీచకుడితో జకార్తా దాకా

1963 నర్తనశాల. కమలాకర కామేశ్వరరావు దర్శకుడు. ఎన్టీఆర్ బృహన్నల, సావిత్రి ద్రౌపది. కీచకుడు ఎస్వీఆర్. తెర మీద ఉండేది సినిమాలో కొంత భాగమే. అయినా ఆ తర్వాతి ఏడాది ఇండోనేషియా రాజధాని జకార్తాలో జరిగిన ఆఫ్రో ఏషియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఉత్తమ నటుడి అవార్డు ఆయనకే వచ్చింది. భాష తెలియని జడ్జీలకు కూడా ఆ నటన అర్థమైందంటే, పని చేసింది డైలాగ్ ఒక్కటే అయ్యుండదు కదా.

ఆ సినిమాలో భీముడిగా చేసింది దండమూడి రాజగోపాలరావు. ఆయన అసలు వృత్తి నటన కాదు, దేశానికి పతకం తెచ్చిన వెయిట్ లిఫ్టర్. కీచకవధ అంటే ఆయనతో కలబడటం. సినిమా ఫైట్‌లో కొట్టేవాడి కన్నా దెబ్బ తినేవాడి పని ఎక్కువ. దెబ్బ ఎప్పుడు తగిలిందో, ఎంత బరువుగా తగిలిందో చూసేవాడికి చెప్పేది దెబ్బ తిన్నవాడి ఒళ్లే. పౌరుషంగా వచ్చిన కీచకుడు కాసేపట్లో చావు భయంతో కొట్టుకోవడం చూస్తే, బలం తగ్గడాన్ని కూడా ఎంత లెక్కగా చూపించారో తెలుస్తుంది.

పాండవ వనవాసంలో దుర్యోధనుడు, బాపు తీసిన సంపూర్ణ రామాయణంలో రావణుడు.. ఇలా పౌరాణిక ప్రతినాయకులు వరస కట్టారు. మరోపక్క గుండమ్మ కథ, పండంటి కాపురం, తాత మనవడు లాంటి సినిమాల్లో ఇంటి పెద్ద. తమిళంలో కూడా తండ్రి పాత్ర అంటే ముందు ఎస్వీఆర్ పేరే గుర్తొచ్చేది. తమిళ డైలాగులు కూడా సొంత గొంతుతోనే చెప్పారు.

నటనతో ఆగలేదు. చదరంగం, బాంధవ్యాలు సినిమాలకు దర్శకత్వం వహించారు. రెండింటికీ నంది అవార్డులు వచ్చాయి. ఖాళీ దొరికితే కథలు కూడా రాశారు, అవి పత్రికల్లో అచ్చయ్యాయి.

చెప్పుకోక తప్పని రెండో వైపు

ఇంత గొప్ప నటుడి జీవితంలో అన్నీ ఆదర్శాలే ఉన్నాయని రాస్తే అబద్ధం అవుతుంది. షూటింగ్‌కు ఆలస్యంగా వస్తారని, ఒక్కోసారి అసలు రారని నిర్మాతలు, దర్శకులు ఇబ్బంది పడిన సంగతి అప్పటి సినిమా వాళ్ల జ్ఞాపకాల్లో చాలాచోట్ల కనిపిస్తుంది. మందు అలవాటు కూడా దాచిన విషయం కాదు. వచ్చారంటే మాత్రం చకచకా పని పూర్తి చేసేవారన్న మాటా ఆ జ్ఞాపకాల్లోనే ఉంది.

సెట్‌లో ఒక నటుడు రాకపోతే ఆగేది ఆయన షాట్ ఒక్కటే కాదు. లైట్ బాయ్స్, మేకప్ వాళ్లు, జూనియర్ ఆర్టిస్టులు, వంట వాళ్లు.. అందరి రోజూ పోతుంది. ఎస్వీఆర్ అంత ప్రతిభ ఉంది కాబట్టి నిర్మాతలు ఎదురుచూశారు. ఒకప్పుడు ఆలస్యంగా చేరినందుకే కంపన దొర వేషం పోగొట్టుకున్న మనిషి ఆయన. అప్పుడు తప్పు ఆయనది కాదు, తండ్రి చావు. తర్వాత జరిగిన ఆలస్యాలకు ఆ మాట చెప్పలేం. ఆయన దగ్గర నేర్చుకోవాల్సినవి ఎన్ని ఉన్నాయో, నేర్చుకోకూడనిది కూడా ఒకటి ఉంది. అది ఇదే.

56 ఏళ్లకే..

1974 జులై 18. మద్రాసులో గుండెపోటుతో ఎస్వీఆర్ కన్నుమూశారు. వయసు 56. ఆయన నటించిన యశోద కృష్ణ ఆ తర్వాత 1975లో విడుదలైంది. అందులో ఆయన కంసుడు. మనిషి లేడు, థియేటర్లో గొంతు మోగుతూనే ఉంది.

అంత చేసినా పద్మ పురస్కారం రాలేదు. ఆ బాధ అభిమానుల్లో ఇప్పటికీ ఉంది. 2013లో భారతీయ సినిమా వందేళ్ల సందర్భంగా తపాలా శాఖ విడుదల చేసిన స్టాంపుల్లో ఆయన బొమ్మ వచ్చింది. ఆయన పోయి అప్పటికి 39 ఏళ్లు.

ఫోన్ కెమెరా ముందు నిలబడేవాళ్లకు..

ఇప్పుడు ఆడిషన్ అంటే చాలావరకు ఫోన్‌లో తీసి పంపడమే. షార్ట్ ఫిల్మ్, వెబ్ సిరీస్, రీల్.. ఏదైనా సరే. టెక్నాలజీ మారింది కానీ ఎస్వీఆర్ ముందున్న ప్రశ్నలే మీ ముందూ ఉన్నాయి.

షాట్ మొదలవ్వక ముందే ఫ్రేం ఎంత వరకు ఉందో అడిగి తెలుసుకోండి. మొహం ఒక్కటే అయితే చేతులు మర్చిపోండి, కళ్లతో చేయండి.

నేల మీద పెట్టిన మార్క్ దగ్గరే ఆగండి. అడుగు ముందుకేస్తే ఫోకస్ పోతుంది, లైటు కూడా పోతుంది. అలాగని కిందికి చూస్తూ నడవద్దు. రిహార్సల్‌లోనే అడుగులు లెక్కపెట్టుకోండి.

గొంతును మైక్ దూరాన్ని బట్టి వాడండి. మైక్ కాలర్‌కే ఉంటే అరవాల్సిన పని లేదు.

ఏ మాట దగ్గర గ్లాసు ఎత్తారో, ఏ చేత్తో ఎత్తారో గుర్తుపెట్టుకోండి. తర్వాతి షాట్‌లో అదే చేయాలి.

ఎదుటివాడి డైలాగ్ వినండి. విన్నాకే స్పందించండి.

చిన్న వేషం వస్తే సెట్‌లో నిలబడటానికి అదొక అవకాశం అనుకోండి. హీరోగా ఫ్లాప్ అయి, గుమాస్తా పని చేసి, చేతికొచ్చిన విలన్ వేషం కూడా పోయాక, ఆ చిన్న వేషాల దారిలోనే రంగారావు నేపాళ మాంత్రికుడి దాకా వెళ్లారు.

ఇక టైంకి రండి. అది మాత్రం ఆయన్ని చూసి నేర్చుకోవద్దు!

ఈ వీకెండ్‌లో మాయాబజార్ మళ్లీ పెట్టుకోండి. ఒకసారి సౌండ్‌తో, ఇంకోసారి సౌండ్ లేకుండా. రెండోసారి చూసేటప్పుడు లడ్డూల మీద నుంచి దృష్టి తీసి, ఆ కళ్ల మీద పెట్టండి.